పేరు గొప్ప, సరుకు డొల్ల

గుంటూరు మిరప యార్డులో టిక్కీ మూతి విప్పగానే కొనుగోలుదారు కాయను చేతిలోకి తీసుకుంటాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, నలిపి చూస్తాడు. ఆ తరువాత గాని ధర నోట రాదు. సరుకు పట్టి చూడకుండా ఎవరూ కొనరన్న సంగతి యార్డుకు కాయ తోలిన ప్రతి రైతుకూ తెలిసినదే. అయితే అదే రైతు ఇంట్లో కూతురు జుట్టు సాపు చేసే స్ట్రెయిట్‌నర్‌ను, కొడుకు గడ్డం కత్తిరించే ట్రిమ్మర్‌ను సెల్‌ఫోనులో బొమ్మ చూసి కొంటున్నారు. 'తొంభై శాతం తగ్గింపు' అన్న ఎర్ర అక్షరాలు, పేరున్న కంపెనీ గుర్తు, నాలుగున్నర నక్షత్రాలు కనిపిస్తే చాలు, వేలు నొక్కేస్తున్నారు. పెట్టె ఇంటికి వచ్చి, వైరు కమురు వాసన వచ్చిన తరువాత గాని అది అసలుదా, నకిలీదా అన్న అనుమానం తలెత్తడం లేదు.

'సోకులకు పోయి మోసపోయారు, మంచి పని అయింది' అని అరుగు మీద నవ్వే పెద్దలు లేకపోలేదు. ఆ నవ్వు సరికాదు. ఈ పరికరాలు ఇప్పుడు సోకు వస్తువులు మాత్రమే కావు, పనిముట్లు. డ్వాక్రా అప్పు తీసుకుని మండల కేంద్రంలో బ్యూటీ పార్లర్ పెట్టుకున్న మహిళకు డ్రయ్యర్, స్ట్రెయిట్‌నర్, ముఖానికి ఆవిరి పట్టే స్టీమర్ ఎటువంటివో, వ్యవసాయదారుకు స్ప్రేయరు అటువంటిది. క్షౌరవృత్తిదారుకు ట్రిమ్మర్ కత్తెరతో సమానం. పెళ్ళి ముహూర్తానికి గంట ముందు పెళ్ళికూతురి జుట్టు మాడితే పోయేది పదిహేను వందల రూపాయల యంత్రం కాదు, ఆ ఊళ్ళో ఆమెకున్న పేరు. ఆ తరువాత ఆమెను పిలిచేవారు ఎవరు?

నకిలీ సరుకు ఈ జిల్లాకు కొత్త కాదు. పేరున్న కంపెనీ సంచి, లోపల పనికిరాని గింజ: నకిలీ విత్తనాల దెబ్బ ఎటువంటిదో పత్తి, మిరప వేసే గ్రామాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వ్యవహారంలో ఒక పాఠం అందరికీ తెలుసు. బిల్లు, ఖాళీ సంచి, దానిపై లాటు నంబరు దాచుకున్న రైతు ఫిర్యాదు చేయగలిగాడు, లేనివాడు నోరు మూసుకున్నాడు. విత్తనం విషయంలో ఇంత తెలిసినవారు ట్రిమ్మర్ పెట్టెను చింపి పొయ్యిలో వేయడం విచిత్రంగా తోస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేవారు సాధారణంగా రెండు పేర్లు చూస్తారు. ఒకటి వస్తువు మీది కంపెనీ పేరు, రెండవది ఆన్‌లైన్ సంస్థ పేరు. చూడవలసిన మూడవ పేరు ధర కింద చిన్న అక్షరాలలో ఉంటుంది. అది అమ్మకందారు పేరు. పెద్ద ఆన్‌లైన్ సంస్థలు అనేకం సంత వంటివి. స్థలం వారిది, కొట్టు మరొకరిది. ఒకే ట్రిమ్మర్ బొమ్మ కింద పదిమంది అమ్మకందారులు ఉండవచ్చు. వారిలో ఒకరు కంపెనీ అధీకృత డీలరు కావచ్చు, మరొకరు నిన్న దుకాణం తెరిచి రేపు మూసేవాడు కావచ్చు. 2020 జులైలో అమలులోకి వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయవలసిన చోటు, వస్తువు తయారైన దేశం కొనేవారికి కనిపించేటట్లు పెట్టాలి. ఆ పేరు మీద నొక్కి చూస్తే చిరునామా సరిగా లేదు, ఎంతకాలంగా అమ్ముతున్నాడో తెలియదు, ఈ రోజు ట్రిమ్మర్, నిన్న చీరలు, మొన్న పప్పుల డబ్బాలు అమ్మాడు అంటే అక్కడ ఆగడం మంచిది. పేరున్న కంపెనీలు పలువురు తమ సొంత వెబ్‌సైటులో అధీకృత అమ్మకందారుల వివరాలు ఇస్తారు. ఆ వివరాలతో సరిచూడటానికి ఐదు నిమిషాలు చాలు.

ధర విషయంలో ఒక కనికట్టు జరుగుతున్నది. 'ఎం.ఆర్.పి. 4,999, ఈ రోజు మాత్రం 499' అని రాస్తారు. అంత తగ్గింపు చూసి కొనేవారు పొంగిపోతారు. కాని ఆ 4,999 ఎక్కడిది? అదే మోడల్ నంబరును కంపెనీ సొంత సైటులో చూస్తే అసలు ధర తెలుస్తుంది. పండుగ సీజనులో ఇరవై, ముప్పై శాతం తగ్గింపు నమ్మదగినదే. పదింట తొమ్మిది వంతులు తగ్గించి అమ్మేవాడు దానకర్ణుడు కాదు. డైసన్ అనే బ్రిటిష్ కంపెనీ 2016లో సూపర్‌సోనిక్ అనే డ్రయ్యరును, 2018లో ఎయిర్‌వ్రాప్ అనే జుట్టు ఉంగరాలు తిప్పే పరికరాన్ని విడుదల చేసింది. ఈ దేశంలో వాటి ధర ముప్పై వేల రూపాయలకు పైమాటే. యూట్యూబులో వాటిని చూసిన పార్లర్ల వారికి అదే రూపు, అదే రంగు వస్తువు పదిహేను వందలకు దొరికితే ఆశ కలగడం సహజం. కొంతమంది 'ఫస్ట్ కాపీ' అని నిర్భయంగానే రాస్తారు. ఫస్ట్ కాపీ అన్నా, మాస్టర్ కాపీ అన్నా తెలుగులో ఒకటే మాట: నకిలీ.

నక్షత్రాల సంగతి చెప్పనక్కరలేదు. వాటిని డబ్బిచ్చి రాయించుకునేవారున్నారు. కేంద్రం 2022 నవంబరులో సమీక్షలకు ఐ.ఎస్. 19000 అనే ప్రమాణం తెచ్చినా, దానిని పాటించడం సంస్థల ఇష్టానికే వదిలి మొదలుపెట్టారు. చదవదలచినవారు ఐదు నక్షత్రాలవి కాక ఒకటి, రెండు నక్షత్రాల వ్యాఖ్యలు చదవాలి. 'వేడెక్కి కరిగింది', 'పెట్టె మీద నంబరు లేదు', 'కంపెనీవారు ఇది మాది కాదన్నారు' అన్న మాటలు అక్కడే దొరుకుతాయి. 'ఇంకా ఐదు నిమిషాలే' అంటూ పరుగెత్తే గడియారాన్ని పట్టించుకోకూడదు. అటువంటి తొందరపెట్టే ఎత్తులను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల నుంచి తెరుచుకునే సైట్లు వేరే తరహా. ఇవి కంపెనీ సొంత సైటు లాగానే ఉంటాయి. చిరునామాలో ఒక అక్షరం ఎక్కువో, 'సేల్' అనో, 'ఆఫర్' అనో తోక ఉంటుంది. పైన తాళం బొమ్మ ఉన్నది కదా అని నమ్మరాదు. ఆ తాళం సమాచారం మధ్యలో ఎవరూ చూడకుండా కాపాడుతుంది గాని, అవతలివాడు మంచివాడని హామీ ఇవ్వదు. దొంగ ఇంటికి కూడా తాళం ఉంటుంది.

'డబ్బు ముందు కట్టడం లేదు, పెట్టె వచ్చాకనే కదా' అన్న ధీమా పల్లెలలో ఎక్కువ. ఇది సగమే నిజం. సాధారణంగా డబ్బు చేతిలో పడనిదే పెట్టె తెరవనీయరు. తెచ్చిన కుర్రవాడిని నిలదీసి లాభం లేదు, అతనిది మోసే కూలి మాత్రమే. ముందే 'ఓపెన్ బాక్స్ డెలివరీ' ఉన్నదేమో చూసి దానినే ఎంచుకోవాలి. ఆ వసతి లేకపోతే పెట్టె కోయడం మొదలు వస్తువు బయటికి తీసేవరకు ఆపకుండా వీడియో తీయాలి. పైనున్న చీటీ, దాని మీది అమ్మకందారు పేరు కూడా అందులో పడాలి. అక్కడి పేరూ, కొన్నప్పుడు చూసిన పేరూ వేరైతే అదే మొదటి సాక్ష్యం.

ఇక పెట్టె చదవాలి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, పూర్తి చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు: ఇవన్నీ తూనికలు, కొలతల చట్టం కింద 2011 నాటి నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. విదేశీ సరుకైతే ఈ దేశపు దిగుమతిదారు చిరునామా ఉండాలి. నకిలీ పెట్టెపై సాధారణంగా లోపించేది ఇదే. కంపెనీ పేరులో అక్షరం తేడా, తప్పుల ఇంగ్లీషు, పెట్టెపై ఒక మోడల్ నంబరు, పరికరంపై మరొకటి, ఎక్కడికీ తీసుకుపోని క్యూఆర్ కోడు, 220 ఓల్టులకు బదులు 110 అని రాత, మన సాకెట్టులో దూరని బల్లపరుపు పిన్నులు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్లగ్గులో పెట్టకుండా పక్కన ఉంచాలి. సీరియల్ నంబరును కంపెనీ కస్టమర్ కేర్‌కు చెప్పి అడగవచ్చు. వారంటీ నమోదు కాకపోతే అనుమానం బలపడినట్లే.

బంగారం కొనేటప్పుడు హాల్‌మార్కు కింద ఆరు అక్షరాల, అంకెల సంఖ్యను సరిచూడటం ఇప్పుడు చాలామందికి అలవాటైంది. అందుకు వాడే బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లోనే ఐ.ఎస్.ఐ. మార్కునూ సరిచూడవచ్చన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. అసలైన ఐ.ఎస్.ఐ. మార్కుకు పైన ఐ.ఎస్. నంబరు, కింద సి.ఎం./ఎల్. అన్న లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ లైసెన్సు నంబరు యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో తెలుస్తుంది. డ్రయ్యరు మీది నంబరు కొడితే సిమెంటు కంపెనీ పేరు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. నంబరు లేని మార్కు వట్టి బొమ్మ. ట్రిమ్మర్ల వంటి వాటిలో ఉండే లిథియం బ్యాటరీకి 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. దానినీ ఆ యాప్‌లోనే చూడవచ్చు. 'సి.ఇ.' అన్న గుర్తు చూసి మురిసిపోవలసిన పని లేదు. అది ఐరోపా కోసం తయారీదారు తనకు తానే వేసుకునే గుర్తు, ఇక్కడి పరీక్షకు సంబంధం లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే నకిలీలో లోపించేది పేరు కాదు, పైకి కనిపించని రెండు మూడు చిన్న భాగాలు. స్ట్రెయిట్‌నర్ రేకులు మామూలుగా 150 నుంచి 230 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. అసలు యంత్రంలో ఆ వేడిని కొలిచి కరెంటును ఆపి, మళ్ళీ ఇచ్చే అమరిక ఉంటుంది. అది చెడితే తెగిపోయే ఫ్యూజు వేరుగా ఉంటుంది. చౌకగా చేసేవాడు మొదట ఎగరగొట్టేది వాటినే. బటన్లు ఉంటాయి, అంకెలు వెలుగుతాయి, వేడి మాత్రం దాని ఇష్టం. రేకు మీది పూత కొద్ది వారాలలో లేచి, వెంట్రుక పట్టుకుని లాగుతుంది. తడి జుట్టు మీద పెడితే లోపలి నీరు మరిగి వెంట్రుక బుడగలు కట్టి తెగుతుంది. ఇది అసలు యంత్రంతోనూ జరిగేదే, వేడి అదుపు లేనిదానితో మరీ తొందరగా జరుగుతుంది. డ్రయ్యరులో గాలి ఆగినా తీగ ఎర్రగా కాగుతూనే ఉంటే ప్లాస్టిక్ కరుగుతుంది. రెండు పిన్నుల పరికరానికి చదరంలో చదరం గుర్తు ఉండాలి. అంటే లోపల రెండు పొరల రక్షణ ఉన్నదని అర్థం. ఆ గుర్తు లేని రెండు పిన్నుల పరికరాన్ని, తడి చేతులతో పనిచేసే పార్లరులో వాడటం చేజేతులా ఆపద కొనితెచ్చుకోవడమే.

వాట్ల అంకె నిజమో కాదో ఇంట్లోనే చూసే ఉపాయం ఒకటున్నది. పెట్టె, గుర్తులు, వైరు సరిగా ఉన్న డ్రయ్యరుకే ఇది. కరెంటు మీటరుపై చిన్న ఎర్ర దీపం మినుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మినుకుతుందో పక్కనే రాసి ఉంటుంది. ఆ అంకె 3,200 అనుకుందాం. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, డ్రయ్యరు ఒక్కటే పూర్తి వేడిలో ఒక నిమిషం నడపాలి. 1,200 వాట్ల డ్రయ్యరుకు నిమిషానికి 64 సార్లు, 2,000 వాట్లదానికి సుమారు 107 సార్లు దీపం మినుకుతుంది. పల్లెలలో ఓల్టేజి తగ్గడం మామూలు. 230కి బదులు 200 ఓల్టులే వస్తే లెక్క సుమారు నాలుగింట ఒక వంతు తగ్గుతుంది, అంతమాత్రాన నకిలీ అనరాదు. 2,000 అని రాసినదానికి 40 సార్లే మినికితే మాత్రం ఆ రాత అబద్ధం.

ట్రిమ్మర్‌లో మోసం బ్లేడు దగ్గర, బ్యాటరీ దగ్గర. బ్లేడు కోయక పీకుతుంది, చర్మం గీరుకుంటుంది. ఒకరి గీత మీద నుంచి మరొకరి మెడ మీదికి పోయే పనిముట్టు కనుక క్షౌరశాలల వారు ఈ విషయంలో ఉపేక్షించరాదు. ముఖంపై దొర్లించే సూదుల రోలర్లను చవకలో కొని పదిమందికి వాడటం అంతకంటే ప్రమాదం. వంగిన సూది చర్మాన్ని చీరుతుంది, రక్తం ద్వారా వచ్చే జబ్బులను మోస్తుంది.

మోసపోయినవారు చేస్తున్న పెద్ద పొరపాటు ఊరుకోవడం. 'ఐదు వందలే కదా, ఎవరు తిరుగుతారు' అన్నది వినపడే మాట. నకిలీ వ్యాపారం బతుకుతున్నది ఆ మాట మీదనే. వస్తువు లోపభూయిష్టమైనా, నకిలీదైనా, చూపినదొకటి పంపినదొకటి అయినా తిరిగి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీలు లేదని 2020 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. 'నో రిటర్న్' అని రాసుకున్నంత మాత్రాన నకిలీకి అది వర్తించదు. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే గుంటూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. వస్తువుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఉంటే దాఖలు రుసుము లేదు. అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. రెండేళ్ళ గడువు ఉన్నది. 2025 నుంచి ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనే దాఖలు చేసే వీలు కూడా కలిగింది. పార్లర్ల వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వ్యాపారం కోసం కొన్నారు కనుక వినియోగదారు కాదని అవతలి వకీలు వాదించవచ్చు. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి సొంతంగా వాడుకునే పరికరం కొన్నవారు వినియోగదారులేనని చట్టం చెబుతున్నది.

కంపెనీ ఫోను నంబరును గూగుల్‌లో వెదకబోయి రెండవసారి మోసపోయేవారూ ఉన్నారు. 'డబ్బు వాపసు ఇస్తాము, ఫలానా యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి' అంటే ఫోను పెట్టేయాలి. డబ్బు పోయిన వెంటనే 1930కు చెప్పాలి. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

ఇంతవరకు చెప్పినదంతా కొనేవారి బాధ్యత. కాని పెట్టె చదవడం, నంబర్లు కొట్టడం, వీడియో తీయడం, దీపం మినుకులు లెక్కపెట్టడం అంతా పల్లెటూరి మనిషే చేయాలంటే న్యాయమేనా? 'మేము అమ్మేవారం కాము, చోటు ఇచ్చినవారమే' అని ఆన్‌లైన్ సంస్థలు అంటున్నాయి. ఊరి సంతలో ఆశీలు వసూలు చేసే పాటదారు కూడా అదే అనవచ్చు. అయినా సంతలో దొంగ తూకం దొరికితే జనం ముందు అతని దగ్గరికే పోతారు, అతను కొట్టు లేపిస్తాడు. ప్రతి అమ్మకం మీద కమీషను తీసుకునే సంస్థకు అమ్మకందారు ఎవరో, ఎన్ని పెట్టెలు తిరిగి వచ్చాయో, ఎందరు నకిలీ అన్నారో క్షణంలో తెలుస్తుంది. పదేపదే పట్టుబడిన అమ్మకందారుల వివరాలు ఉంచాలని నిబంధన కూడా ఉన్నది. తెలిసీ అమ్మనివ్వడం ఉపేక్ష కాదు, భాగస్వామ్యం.

ప్రభుత్వం తలచుకుంటే జరగదని కాదు. 2022 ఆగస్టులో ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థ ద్వారా అమ్ముడైన ప్రమాణాలు లేని 2,265 ప్రెషర్ కుక్కర్లను వెనక్కి తీసుకుని కొన్నవారికి డబ్బు ఇవ్వాలని, లక్ష రూపాయల జరిమానా కట్టాలని కేంద్ర ప్రాధికార సంస్థ ఆదేశించింది. 2025 మార్చిలో ఢిల్లీలో ఆన్‌లైన్ సంస్థల గిడ్డంగులపై బి.ఐ.ఎస్. అధికారులు దాడి చేసి ఐ.ఎస్.ఐ. మార్కు లేని వేలాది వస్తువులను స్వాధీనం చేసుకున్నారు. దొంగ మార్కుతో సరుకు అమ్మినవారికి 1999 ట్రేడ్ మార్కుల చట్టం ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు చెబుతున్నది. చట్టానికి కొరత లేదు. జిల్లాలో తూనికలు, కొలతల అధికారులు పెట్రోలు బంకులను, కిరాణా తక్కెడలను తనిఖీ చేయడం ప్రజలు చూస్తున్నదే. పార్సిళ్ళు దిగే కొరియర్ గోదాములకూ అప్పుడప్పుడు వెళ్ళి, నాలుగు పెట్టెలపై చిరునామా, దిగుమతిదారు పేరు ఉన్నాయో లేవో చూస్తే తప్పేమిటి?

అంతవరకు పార్లర్ల మహిళలు చేయదగిన పని మరొకటున్నది. అయిదారుగురు కలిసి గుంటూరులోనో, తెనాలిలోనో అధీకృత డీలరు దగ్గర ఒకేసారి కొంటే ధరలో బేరమాడవచ్చు, ఊళ్ళోనే మరమ్మతుకు దారి ఉంటుంది. బిల్లు మీది జీఎస్టీ నంబరును ప్రభుత్వ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇప్పటికే నకిలీ కొని ఉన్నవారు దానిని సగం ధరకు పక్క ఊరివారికి అంటగట్టే ఆలోచన మానుకోవాలి. కేసు తేలేవరకు పెట్టెతో, బిల్లుతో సహా బీరువాలో ఉంచి, తేలిన తరువాత వైరు మొదలంటా కత్తిరించి పారవేయాలి. వైరు ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ ప్లగ్గులో పెడతారు.